స్లాంట్స్ కేసు: తిట్టు పేరుకు హక్కుదారు ఎవరు?

ఒక జాతిని అవమానించే మాటను ఆ జాతివాళ్ళే తమ పేరుగా పెట్టుకుంటే, వద్దనే అధికారం ప్రభుత్వ అధికారికి ఉందా? ట్రేడ్‌మార్క్ (సరుకు లేదా సేవ ఎవరిదో చూపే పేరు, గుర్తు) వృత్తిలో ఉన్నవాళ్ళం ఈ ప్రశ్న ఎదురైనప్పుడు ముందు తిరగేసేది మటాల్ వర్సెస్ టామ్ కేసునే. అమెరికా సుప్రీంకోర్టు 2017 జూన్ 19న దీనిపై తీర్పు చెప్పింది. ‘భావప్రకటనా స్వేచ్ఛ గెలిచింది’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం పరిపాటి. నన్ను పట్టి నిలిపే విషయం వేరే ఉంది. ‘ఈ మాట మేము వాడుకోవచ్చా?’ అని అడిగిన మనిషికి ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని జవాబు వచ్చింది. అడిగినదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న దూరమే ఈ కేసు.

వాస్తవాలు

సైమన్ టామ్ 2006లో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఆసియా మూలాలున్న అమెరికన్లతో ఒక రాక్ బృందం మొదలుపెట్టారు. దానికి ‘ద స్లాంట్స్’ అని పేరు పెట్టారు. తూర్పు ఆసియావాళ్ళ కళ్ళను ఎగతాళి చేస్తూ తరాలుగా వాడుకలో ఉన్న తిట్టు అది. బడిలో తోటి పిల్లలు కణతల దగ్గర చర్మం వెనక్కి లాగి, కళ్ళు సాగదీసి చూపించే వెక్కిరింతకు అది మాట రూపం. ఆ మాటను మేమే ఎత్తుకుని గర్వంగా పాడితే దానిలోని విషం పోతుందన్నది టామ్ వాదన.

ఈ పేరును రిజిస్టర్ చేయమంటూ ఆయన 2010 మార్చిలో అమెరికా పేటెంట్, ట్రేడ్‌మార్క్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టారు. ఇక్కడ వృత్తిపరమైన మాట ఒకటి చెప్పాలి. అమెరికాలో ట్రేడ్‌మార్క్ హక్కు వాడకం వల్ల పుడుతుంది, రిజిస్ట్రేషన్ వల్ల కాదు. రిజిస్టర్ చేయకపోయినా స్లాంట్స్ పాడుకోవచ్చు, టికెట్లు అమ్ముకోవచ్చు, ఆ పేరుతో ఆల్బమ్‌లు తేవచ్చు. ప్రభుత్వం చివరిదాకా పట్టుకున్న వాదన కూడా ఇదే: మేము నోరు నొక్కలేదు, కాగితం మాత్రమే ఇవ్వలేదు. అయితే ఆ కాగితం మామూలుది కాదు. దేశమంతటా ముందున్న హక్కు, కోర్టులో హక్కు నీదేనన్న ప్రాథమిక నమ్మకం, అయిదేళ్ళు గడిస్తే దాదాపు ఎవరూ కదిలించలేని స్థానం, నకిలీ సరుకును కస్టమ్స్ దగ్గరే ఆపించే వీలు దానితో వస్తాయి. ఊరూరా తిరిగి పాడే చిన్న బృందానికి అది పెద్ద ఆస్తి.

అడ్డు వచ్చింది 1946 నాటి లాన్‌హామ్ చట్టం, సెక్షన్ 2(ఎ). బతికున్నవారినైనా, చనిపోయినవారినైనా, సంస్థలనైనా, విశ్వాసాలనైనా, జాతీయ చిహ్నాలనైనా కించపరిచే అవకాశమున్న గుర్తును రిజిస్టర్ చేయరాదని అందులో ఉండేది.

ఫైలులో ఏముంది

అమెరికా ట్రేడ్‌మార్క్ ఫైళ్ళు బహిరంగం. ఎవరైనా తెరిచి చదవవచ్చు. ఈ ఫైలు చదవడం ఒక చదువు. పరిశీలక అధికారి వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. ఈ గుర్తుకు జనం తీసుకునే అర్థం ఏమిటి? ఆ అర్థం ఫలానా జనవర్గాన్ని సూచిస్తే, ఆ వర్గంలో చెప్పుకోదగ్గ భాగానికి అది అవమానంగా తోస్తుందా? మెజారిటీకి తోచనక్కరలేదు, ‘చెప్పుకోదగ్గ భాగం’ చాలు. దరఖాస్తుదారు ఆ వర్గానికి చెందినవాడైనా, ఉద్దేశం మంచిదైనా అది లెక్కలోకి రాదని కూడా ఆఫీసు వైఖరి.

రెండో ప్రశ్న అందరికీ కనిపించేది. మొదటి ప్రశ్న దగ్గర జరిగినదాన్ని గమనించాలి. ఆ మాటకు ఇంగ్లిషులో మామూలు అర్థాలు చాలా ఉన్నాయి: వాలు, ఏటవాలు, ఒకరి దృక్కోణం. పైకప్పులు అమ్మే కంపెనీ ఈ పేరుతో వస్తే ఎవరూ కళ్ళ గురించి ఆలోచించరు. ఇక్కడ కళ్ళ గురించే ఆలోచించాలని అధికారి ఎలా తేల్చారు? బృందం వెబ్‌సైట్ చూసి. అందులో ఒక ఆసియా స్త్రీ బొమ్మ ఉంది, ఉదయసూర్యుడి కిరణాలు ఉన్నాయి, డ్రాగన్ ఉంది. బృందంలోనివాళ్ళు ఆసియావాళ్ళు. కాబట్టి ఈ మాట ఆసియావాళ్ళ గురించే, కాబట్టి తిట్టే. ఇంటర్నెట్‌లో ఎవరు పడితే వారు అర్థాలు రాసే నిఘంటువు పేజీలు, ఒక పాప్ గాయని కళ్ళు సాగదీసుకుని దిగిన ఫొటో కూడా తన మీద సాక్ష్యాలయ్యాయని టామ్ చాలా వేదికల మీద చెప్పారు.

అంటే ఆ మాట తిట్టుగా తేలడానికి కారణం దాన్ని వాడుతున్న మనిషి ముఖం. అదే పేరుతో తెల్లవాళ్ళ బృందం దరఖాస్తు పెట్టి ఉంటే మొదటి ప్రశ్న దగ్గరే దాటిపోయేదేమో. ఆ మాట ఉన్న దరఖాస్తులు అంతకుముందు ఎన్నో వచ్చాయని, జాతి తిట్టు అని తిప్పికొట్టింది తనదొక్కటేనని టామ్ వాదించారు. బాధితులను కాపాడడానికి పుట్టిన నిబంధన, అధికారి చేతిలో పడ్డాక, బాధిత వర్గంవాడిని మాత్రమే పట్టుకునే వలలా పనిచేసింది.

టామ్ వెనక్కి తగ్గలేదు. భాషానిపుణుల అభిప్రాయాలు, సముదాయ పెద్దల లేఖలు జతచేశారు. 2011 నవంబరులో రెండో దరఖాస్తు పెట్టారు. ఈసారి డ్రాగన్లు లేవు, ఆసియా ప్రసక్తి లేదు. సంగీత బృందం ప్రదర్శనలు, అంతే. ఫలితం మారలేదు. 2013లో ట్రేడ్‌మార్క్ ఆఫీసులోనే ఉండే అప్పీలు బోర్డు కూడా కాదంది. బోర్డు ముందున్న సాక్ష్యాల్లో టామ్‌కు నిజంగా ఇబ్బందికరమైనది ఒకటుంది. 2009లో పోర్ట్‌లాండ్‌లో ఆసియా అమెరికన్ యువత సదస్సులో ఆయన ప్రధాన ప్రసంగం చేయాల్సింది. బృందం పేరు తమను నొప్పిస్తోందని కొందరు అభ్యంతరం చెప్పడంతో ఆ ప్రసంగం రద్దయింది. అభ్యంతరం చెప్పినవాళ్ళు ఆ వర్గంవాళ్ళే.

కేసును అభిమానంతో చెప్పేవాళ్ళు ఈ సదస్సు సంగతిని పక్కన పెడతారు. నాకది కేసుకు వెన్నెముక. ‘మా మాట మేము తిరిగి తెచ్చుకుంటున్నాం’ అని ఒకడు అన్నప్పుడు ‘మా’ అనే మాట ఎవరి తరఫున? ఆ తిట్టు పడి బడి మానుకున్న పెద్దావిడ తరఫునా, గిటారు పట్టుకున్న కుర్రాడి తరఫునా? ఇద్దరిలో ఒకరిని ప్రభుత్వ ఆఫీసు ఎంచుకోవాల్సి రావడమే అసలు చిక్కు.

ఆ ఆఫీసు ఎంపికలు నిలకడగా కూడా లేవు. ‘హీబ్’ అనేది యూదులను తిట్టే మాట. యూదు యువత నడిపిన పత్రికకు ఆ పేరు రిజిస్టర్ అయింది. అదే సంస్థ అదే పేరును దుస్తుల మీదకు తెస్తే 2008లో అప్పీలు బోర్డు కుదరదంది. పత్రిక అట్ట మీద పరవాలేదు, చొక్కా మీద తప్పు. ‘డైక్’ అనేది లెస్బియన్లను తిట్టే మాట. శాన్ ఫ్రాన్సిస్కోలో మోటార్‌సైకిళ్ళ మీద ఊరేగే లెస్బియన్ స్త్రీల సంఘం ‘డైక్స్ ఆన్ బైక్స్’ పేరుకు మొదట తిరస్కారం ఎదురైంది. ఆ మాటను తమవాళ్ళు ఎప్పుడో సొంతం చేసుకున్నారని కుప్పలుగా ఆధారాలు పెట్టాక 2005లో ఆఫీసు ఒప్పుకుంది. ఉద్దేశం లెక్కలోకి రాదన్నవాళ్ళే ఒక సముదాయం ఒక మాటను క్షమించిందో లేదో కొలిచే పని పెట్టుకున్నారన్నమాట.

కోర్టులు

ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు త్రిసభ్య ధర్మాసనం 2015 ఏప్రిల్‌లో టామ్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1981 నాటి పాత తీర్పు కట్టేసింది కాబట్టి వేరే దారి లేదు. కానీ ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి కింబర్లీ మూర్ దానికే అనుబంధంగా మరో అభిప్రాయం రాసి, ఆ పాత తీర్పును మళ్ళీ చూడాల్సిన సమయం వచ్చిందన్నారు. తన తీర్పును తానే ప్రశ్నించే న్యాయమూర్తి ఎదురుపడటం న్యాయవాది జీవితంలో అరుదు. కోర్టు పూర్తి ధర్మాసనంగా కూర్చుని, ఆ డిసెంబరులోనే ‘కించపరిచే’ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని ప్రకటించింది. ఆ తీర్పునూ మూర్ గారే రాశారు.

ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అప్పటి ట్రేడ్‌మార్క్ ఆఫీసు అధిపతి మిషెల్ లీ. ఆవిడదీ ఆసియా మూలమే. వాదనలు 2017 జనవరిలో జరిగాయి. తీర్పు వచ్చేనాటికి ఆవిడ పదవి వదిలేశారు, తాత్కాలిక అధిపతి జోసెఫ్ మటాల్ పేరు కేసుకు అతికింది.

ఫలితం ఎనిమిదికి సున్నా. కొత్తగా వచ్చిన న్యాయమూర్తి గోర్సచ్ పాల్గొనలేదు. అయితే కారణాల దగ్గర నలుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. ప్రధాన అభిప్రాయం రాసిన జస్టిస్ అలీటో ముందుగా ప్రభుత్వ వాదనను పడగొట్టారు. రిజిస్టర్ చేసిన గుర్తు ప్రభుత్వం మాటే అవుతుందని ప్రభుత్వ న్యాయవాదులు అన్నారు. టెక్సాస్ కార్ల నంబరు పలకల కేసులో 2015లో అదే కోర్టు అలాంటి వాదనను ఒప్పుకుంది. ఇరవై లక్షలకు పైగా గుర్తులు రిజిస్టర్ అయి ఉన్నాయి, ఇవన్నీ ప్రభుత్వం మాటలైతే ప్రభుత్వం అర్థంపర్థం లేకుండా వాగుతున్నట్టే అన్నారు అలీటో. నొప్పించడం కూడా ఒక అభిప్రాయమేనని, ఈ నిబంధన వివక్షను ఆపేది కాదని, తీపి మాటలు మాత్రమే అనుమతించేదని రాశారు.

జస్టిస్ కెనెడీ విడిగా రాసిన భాగమే నాకు ఎక్కువ పనికొస్తుంది. వినేవాళ్ళు ఎలా స్పందిస్తారన్నదానికి ముడిపెట్టినంత మాత్రాన సెన్సారు సెన్సారు కాకుండా పోదన్నారు. జనంలో కొందరిని నొప్పించే మాటను ఆపగల చట్టాన్ని అల్పసంఖ్యాకుల అభిప్రాయాల మీదకీ, అసమ్మతి మీదకీ తిప్పవచ్చన్నారు. టామ్ ఫైలులో జరిగింది అక్షరాలా అదే.

గమనించండి, ‘తిట్టును తిరిగి తెచ్చుకోవడం మంచిది’ అని ఎవరూ అనలేదు. టామ్‌కు ఆ మాట మీద ప్రత్యేక నైతిక హక్కు ఉందనీ అనలేదు. ఈ విషయం ఆఫీసు అడగరాదు, అంతే.

తీర్పు తరువాత

‘మేము’ గెలిస్తే ‘అందరూ’ గెలిచారు. అందరికంటే ముందు సంబరపడినది వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు అప్పటి యజమాని డాన్ స్నైడర్. అప్పట్లో ఆ జట్టు పేరు ‘రెడ్‌స్కిన్స్’, అమెరికా ఆదివాసులను ఒంటి రంగుతో పిలిచే తిట్టు. ఆదివాసీ ఉద్యమకారులు 1992 నుంచి ఆ ట్రేడ్‌మార్కుల మీద పోరాడుతూ వచ్చారు. అమాండా బ్లాక్‌హార్స్ తదితరుల పిటిషన్ మీద అప్పీలు బోర్డు 2014లో వాటిని రద్దు చేసింది, 2015లో జిల్లా కోర్టు కూడా సమర్థించింది. టామ్ కేసులో బ్లాక్‌హార్స్ బృందం ప్రభుత్వం పక్షాన నిలిచింది, ఫుట్‌బాల్ జట్టు టామ్ పక్షాన నిలిచింది. అటు తిట్టు పడ్డవాళ్ళు, ఇటు తిట్టు పడ్డవాడు. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే ప్రభుత్వం చేతులెత్తేసింది, 2018లో రద్దు ఉత్తర్వు ఎగిరిపోయింది.

మరి ఆ పేరు ఇప్పుడెక్కడుంది? 2020 జులైలో జట్టే దాన్ని వదిలేసింది. పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరువాత వీచిన గాలిలో, స్టేడియానికి తన పేరు పెట్టుకున్న ఫెడెక్స్ పేరు మార్చమని బహిరంగంగా అడిగింది, నైకీ తన దుకాణంలోంచి ఆ జట్టు సరుకు తీసేసింది. రిజిస్ట్రేషన్లు చేతిలో భద్రంగా ఉన్నాయి, పేరు మాత్రం పోయింది. సుమారు పాతికేళ్ళ వ్యాజ్యం చేయలేనిది స్పాన్సర్లు వారాల్లో చేశారు. మా వృత్తికి ఇది అంత గర్వకారణం కాదు.

ఇంకో వైపు, తీర్పు వచ్చిన కొద్ది వారాలకే నల్లజాతివారిని తిట్టే ఎన్-పదం మీద కొత్త దరఖాస్తులు పడ్డాయి, నాజీల గుర్తయిన స్వస్తిక మీద కూడా. ద్వేషించేవాళ్ళ చేతికి పోకముందే మేమే కట్టేసుకుంటామని కొందరు దరఖాస్తుదారులు చెప్పారు. అందరి నోళ్ళలో ఉన్న మాట ఒక సరుకు ఎవరి దగ్గరిదో చూపే గుర్తుగా పనిచేయదన్న వేరే నియమం ఉంది కాబట్టి అలాంటి దరఖాస్తులు గట్టెక్కడం తేలిక కాదు. రెండేళ్ళ తరువాత ఇయాంకు వర్సెస్ బ్రునెటీ కేసులో ‘అనైతిక, అసభ్య’ గుర్తులపై నిషేధం కూడా కూలింది.

కట్టేసుకోవడం అన్నాను కదా, అక్కడ ఆగాలి. తిట్టును తిరిగి తెచ్చుకోవడం సముదాయం చేసే పని. ట్రేడ్‌మార్క్ స్వభావం దానికి నేరుగా వ్యతిరేకం. అది ఒకడికి ఇచ్చి మిగతావాళ్ళను బయట పెట్టే హక్కు. రిజిస్ట్రేషన్ వచ్చాక టామ్ ఎవరిని ఆపగలరు? తెల్లవాళ్ళ బృందాన్ని ఆపగలరు. అదే గర్వంతో అదే పేరు పెట్టుకునే మరో ఆసియా అమెరికన్ బృందాన్నీ ఆపగలరు. ‘ఈ మాట ఎవరు వాడవచ్చు’ అన్న చర్చలో ఉన్నవాళ్ళు రిజిస్ట్రీ గుమ్మం ఎక్కితే చేతికి వచ్చేది ‘ఎవరు వాడరాదు’ అని చెప్పే అధికారం.

మన చట్టం వైపు

అమెరికా కోర్టు అడగరాదన్న ప్రశ్నను మన పార్లమెంటు నేరాలు చెప్పే సెక్షన్ మొదటి వరుసలోనే రాసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లో సెక్షన్ 3(1) ‘షెడ్యూల్డ్ కులం లేదా తెగకు చెందని వ్యక్తి ఎవరైనా’ అని మొదలవుతుంది. ప్రజల కంటబడే చోట కులం పేరుతో తిట్టడం 2016లో అమలులోకి వచ్చిన సవరణతో 3(1)(ఎస్) కింద స్పష్టంగా నేరమైంది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో, కులాన్ని సూచించే మాట కూడా అవమానించే ఉద్దేశంతో అంటే నేరమేనని సుప్రీంకోర్టు చెప్పింది. మాట ఒకటే, అన్నది ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవాటి మీద జైలు ఆధారపడుతుంది. జాతి, కులం ఒకటి కాదు, ట్రేడ్‌మార్క్, నేరం ఒకటి కాదు. అయినా మాట్లాడినవాడి పుట్టుకను చట్టం పట్టించుకోవచ్చా అన్న ప్రశ్నకు రెండు దేశాలు చెరో జవాబు చెప్పాయి. కులవ్యవస్థ ఉన్న చోట మన జవాబే సరైనదని నా అభిప్రాయం.

అయితే ‘మనవాళ్ళు’ అన్న గీత ఎక్కడ గీయాలన్న చిక్కు మనకూ తప్పలేదు. తెలుగు నేల మీదే దానికి ఉదాహరణ ఉంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. అవమానంగా వినిపించే కులం పేరును మంద కృష్ణ మాదిగ తన పేరు చివర తగిలించుకున్నారు, వేలమంది ఆ దారి పట్టారు. సభల్లో ఆ పేరు నినాదమైంది. ఆ ఉద్యమం పోరాడింది షెడ్యూల్డ్ కులాల లోపలి అసమానత మీద. ఆ పోరాటం 2024 ఆగస్టు 1న ఉపవర్గీకరణకు సుప్రీంకోర్టు అనుమతి దాకా నడిచింది. కానీ 1989 చట్టం కళ్ళకు షెడ్యూలు మొత్తం ఒకటే ముద్ద. ఒక షెడ్యూల్డ్ కులంవాడు మరో షెడ్యూల్డ్ కులంవాడిని కులం పేరుతో తిడితే ఆ సెక్షన్ వర్తించదు. గీత గీసింది చట్టం, నొప్పి వేరే చోట ఉండవచ్చు. పోర్ట్‌లాండ్ సదస్సులో జరిగిందీ అటువంటిదే. అంతెందుకు, ‘ఆసియా అమెరికన్’ అన్న గూటిలో న్యూజెర్సీలో పుట్టిన తెలుగు పిల్ల కూడా ఉంది. కళ్ళ మీద పడే తిట్టును ఆ పిల్ల ‘మా మాట’ అని ఎత్తుకుంటే చైనా మూలాలున్న స్నేహితురాలు ఒప్పుకుంటుందా?

సలహా

ఒక డప్పు కళాబృందం తమ కులం పేరుతో కూడిన బృందం పేరును రిజిస్టర్ చేయించుకోవాలని వస్తే ఏం చేయాలి? మన ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లో సెక్షన్ 9(2) మతపరమైన మనోభావాలను గాయపరిచే గుర్తులనూ, అసభ్యమైనవాటినీ ఆపుతుంది. కులాన్ని పేరు పెట్టి చెప్పదు. అభ్యంతరం వస్తే వాదించవచ్చు. కానీ మామూలు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేయించడానికి నేను తొందరపడను. ఆ పేరు బృందం నాయకుడి సొంత ఆస్తి అయిపోతుంది. ఆయన దాన్ని అమ్మవచ్చు, ఆయన తరువాత వారసుల మధ్య తగాదాకు ఎక్కవచ్చు, ఏ మద్యం కంపెనీయో కొనుక్కోవచ్చు. పక్క ఊరి డప్పు బృందానికి నోటీసు వెళ్ళవచ్చు.

అదే చట్టంలో ఎక్కువమంది చూడని దారి ఉంది: సామూహిక గుర్తు, సెక్షన్ 61 నుంచి. సభ్యుల సంఘం పేరు మీద రిజిస్టర్ అవుతుంది, వాడేది సభ్యులు. అమెరికా చట్టంలోనూ సామూహిక గుర్తులున్నాయి. సెక్షన్ 63 ప్రకారం దరఖాస్తుతో పాటు నిబంధనావళి ఇవ్వాలి. ఆ గుర్తును వాడే అర్హత ఎవరిది, సభ్యత్వానికి షరతులేమిటి, దుర్వినియోగం చేస్తే చర్య ఏమిటి అన్నవి అందులో ఉండాలి. అంటే ‘ఎవరు వాడవచ్చు’ అన్నది ఏ అధికారీ ఊహించి రాయడు, సంఘమే కూర్చుని తన చేత్తో రాసుకుంటుంది. ముసాయిదాలో ఎక్కువ సమయం తినేదీ ఆ పేరానే. కులాంతర వివాహం చేసుకున్న సభ్యుడి పిల్లలకు అర్హత ఉందా? మతం మారినవాళ్ళకు? వేరే కులం నుంచి వచ్చి డప్పు నేర్చుకుని పదేళ్ళుగా కొడుతున్న కుర్రాడికి? ఈ మూడింటికీ సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసుకుని వచ్చాకే దరఖాస్తు నింపడం మొదలుపెట్టాలి.